పదిమందికై కట్టెడి భవనములు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలనిరి. తన డబ్బుతో తన కొరకు ఇల్లు కట్టుకొను గృహస్థు పునాది త్రవ్విన నాటినుండి గృహప్రవేశము వరకు మేస్త్రిని వెన్నంటి యుండును. వంటయిల్లు ఏ మూల నుండవలెనో ఇల్లాలు చెప్పును. జల్లు ఏ వైపునుండి కొట్టునో ముసలితండ్రి చెప్పును. మరి ఊరి బడిని కట్టునపుడు ఈ మాటలు చెప్పువారెవరు? డబ్బు ప్రభుత్వ ఖజానాది; ప్లాను జిల్లా కార్యాలయము నుండి వచ్చును; కట్టువాడు గుత్తేదారు; అందు కూర్చుండి చదువుకొనవలసినవారు ఎనిమిదేండ్ల పిల్లలు. ఆ పిల్లల ఉపాధ్యాయుడు సైతము గోడలు లేచువరకు ఆ ప్లానును చూచియుండుట అరుదు.

మన దేశమున ప్రభుత్వమును మించిన నిర్మాత లేడు. బడులు, ఆస్పత్రులు, పంచాయతీ కార్యాలయములు, అంగన్‌వాడీ కేంద్రములు, బస్సు స్టాండులు, కలెక్టరు కచేరీలు, న్యాయస్థానములు - ఇవన్నియు ప్రజల పన్నులతో లేచు కట్టడములే. ఒకసారి లేచిన కట్టడము యాబది, అరువది సంవత్సరములు నిలువవలెను. అనగా ఒక గ్రామమునకు మంచి బడి భవనము దొరకు అవకాశము రెండు తరములకొకసారి వచ్చును. అది తప్పిపోయినచో వేసవిలో ఉడికెడి గదులతో, వానకాలమున కారెడి కప్పుతో, ముసలివారు ఎక్కలేని మెట్లతో ఆ రెండు తరములవారును సర్దుకొనవలసినదే. కట్టుట కగు ఖర్చు మాత్రము మంచి భవనమునకును, చెడ్డ భవనమునకును అనేక సందర్భములలో ఇంచుమించు ఒక్కటే.

డిజైను అనగానే పలువురికి స్ఫురించునది ముఖద్వారమునకు పెట్టు కమాను, గోడపై పూయు రంగు, గేటునకు చేయించు ఇనుప నగిషీ. ఇవి చివరి మెరుగులు. అసలు రూపకల్పన అంతకు చాల ముందే జరుగును. భవనమును ఊరిలో ఏ చోట నిలుపవలెను, ఏ దిక్కునకు త్రిప్పవలెను, లోనికి వచ్చువారెవరు, వారచట ఏమి చేయుదురు, వెలుతురు ఎటునుండి రావలెను, నీరు ఎటు పోవలెను, దగ్గర దొరకు రాయి ఏది, దానితో పనిచేయగల చేతులెవరివి - ఈ ప్రశ్నలకు కాగితముపై గీసి చెప్పు జవాబే డిజైను. ప్రభుత్వము మంచి డిజైనును ప్రోత్సహించుట యనగా ఈ ప్రశ్నలు వేళకు అడుగబడునట్లును, జవాబు చెప్పగల వాస్తుశిల్పికి తగిన వ్యవధియు తగిన ప్రతిఫలమును దొరకునట్లును ఏర్పాటు చేయుట. (ఇచట వాస్తుశిల్పి యనగా ఆర్కిటెక్టు, ఈశాన్య, ఆగ్నేయముల ఫలములు చెప్పువాడు కాడు.)

ప్రభుత్వ శాఖలలో నమూనా ప్లాను అనునది చిరకాలముగ వాడుకలో నున్నది. ఒకే ప్లాను, ఒకే అంచనా, వేయి గ్రామములు. దీనిని తేలికగ తీసివేయరాదు. వేయి బడులను రెండేండ్లలో కట్టవలసివచ్చినపుడు ప్రతి బడికిని కొత్త ప్లాను గీయుట సాధ్యము కాదు. నమూనా లేకున్నచో అంచనాలు గుత్తేదారుల ఇష్టానుసారము పెరుగును. కాని శ్రీకాకుళము సముద్రతీరమున వీచెడి గాలి వేరు, అనంతపురమున కాసెడి ఎండ వేరు, ఆదిలాబాదు అడవి గ్రామములలో కురియు వాన వేరు. ఒకే కొలతతో కుట్టిన చొక్కా ఊరందరికి సరిపోవునా? నమూనాలో ఏ భాగము మారరాదో, ఏ భాగము స్థలమును బట్టి మార్చుకొనవలెనో ముందే వ్రాసియుంచిన శాఖలు ఈ చిక్కును చాలవరకు తప్పించుకొనగలవు. గదుల కొలతలు, పునాది, ఇనుము మారనక్కరలేదు. దిక్కు, వరండా, కప్పు వాటము, గోడకు వాడు రాయి లేక ఇటుక - ఇవి మారవలెను.

ఉప్పెన నేర్పిన పాఠము

భవన రూపకల్పన ప్రాణములతో ముడివడిన సంగతి యని తెలుగువారికి దివిసీమ చెప్పినది. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానులో సముద్రము ఊళ్లపైకి వచ్చెను. పదివేలకు పైగా జనము మరణించిరి. మట్టిగోడలు, తాటాకు కప్పులు గల ఇండ్లలో నున్నవారికి ఎక్కి నిలుచుటకు ఎత్తైన చోటు లేకపోయెను. ఆ పిమ్మట ప్రభుత్వమును, స్వచ్ఛంద సంస్థలును కోస్తా పొడవునను తుపాను రక్షణ భవనములను కట్టించిరి.

ఆ భవనముల రూపమును గమనింపుడు. క్రింది అంతస్తునకు గోడలుండవు. స్తంభములు మాత్రమే యుండును. గోడ యున్నచో ఉప్పెన నీరు దానిని తన బలమంతటితో నెట్టును. స్తంభముల నడుమ నుండియైనచో నీరు సాగిపోవును. జనము పై అంతస్తున నుందురు. కప్పు చదునుగ నుండి, వెలుపలినుండి మెట్లుండుటచే అవసరమైనచో దానిపైకి కూడ ఎక్కవచ్చును. ఇందు అలంకారము లేదు. నీటి నడకను, గాలి విసురును, భయపడిన జనము మెట్లపై ఒక్కుమ్మడిగ ఎక్కుటను ఊహించి గీసిన గీతలే ఆ భవనమునకు రూపమిచ్చినవి.

అయినను తొలినాటి రక్షణ భవనములలో కొన్ని పది, పదునైదేండ్లకే శిథిలమయ్యెను. కారణములు రెండు. ఉప్పుగాలి కాంక్రీటు పగుళ్లలోనుండి ఇనుమును తాకి తుప్పు పట్టించును. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగ రాల్చును. కట్టునపుడే ఉప్పునీరు, సముద్రపు ఇసుక వాడినచోట ఈ జాడ్యము మరింత శీఘ్రముగ వ్యాపించును. కాని రెండవ కారణము మొదటిదానికంటె పెద్దది. ఏండ్ల తరబడి తుపాను లేనపుడు ఆ భవనమునకు తాళము పడెను. నిత్యము వాడుకలో లేని కట్టడమును ఎవరును తమదనుకొనరు. కప్పు కారుచున్నట్లు చెప్పువాడు లేడు, కిటికీ రెక్క ఊడిన సంగతి గుర్తించువాడు లేడు. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి తాళముచెవి ఎవరివద్ద నున్నదో వెదకవలసిన స్థితి!

కావున 2011లో ప్రపంచబ్యాంకు సహాయముతో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో ఆరంభమైన జాతీయ తుపాను ముప్పు నివారణ పథకమున కట్టిన భవనములకు బహుళ ప్రయోజన భవనములని పేరిడిరి. మామూలు దినములలో అవి బడిగనో, సమావేశ మందిరముగనో పనిచేయవలెను. భవనముతోపాటు దానిని చేరు బాటను కూడ పథకములోనే చేర్చిరి. ఇది చిన్న సంగతి వలె తోచును కాని, బాట నీట మునిగినచో ఎంత గట్టి భవనమైనను ఏమి ప్రయోజనము? నిర్వహణకై గ్రామస్థులతో సంఘములను ఏర్పరచిరి. స్త్రీలకు వేరు మరుగుదొడ్లు ఉండవలెనను నియమము కూడ అనుభవము నుండి వచ్చినదే. మరుగు లేని చోటికి ఆడవారు రాత్రివేళ రావలెనన్న సంకోచింతురు. ఆ సంకోచము ప్రాణాంతకము కావచ్చును. పశువులను విడిచి రాలేక ఇంటివద్దనే నిలిచిపోవు రైతుల సంగతి తీరవాసులందరు ఎరిగినదే. ఈ సంగతులు ఏ ఇంజనీరింగు గ్రంథమునందును దొరకవు. ఊరివారిని అడిగిన దొరకును.

మూసీ ఒడ్డున

పల్లెలకు ఉప్పెన నేర్పిన పాఠమును అంతకు డెబ్బది సంవత్సరములకు ముందు హైదరాబాదు నగరమునకు వరద నేర్పియుండెను. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెను. వేలాది జనము మరణించిరి. నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణమున గల చింతచెట్టు నెక్కి అనేకులు బ్రతికిరి. ఆ చెట్టును నేటికిని చూపుదురు. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాము ప్రభుత్వము పిలిపించినది. ఆయన నది గట్లను మాత్రమే చూచి ఊరుకొనలేదు. నదికి ఎగువన జలాశయములు కట్టవలెనని చెప్పిరి. ఆ సలహాను అనుసరించి మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, దాని ఉపనది యైన ఈసీపై హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తియైనవి. వరదను ఆపుటయు, నగరమునకు త్రాగునీరిచ్చుటయు ఒకే కట్టడముతో జరిగెను. నగర సౌందర్యమును గూర్చి మాటలాడువారు ముందుగ ఇట్టి కంటికి కనబడని పనులను లెక్కింపవలెను. వరద ఆగినపిమ్మటనే నది ఒడ్డున గట్టి భవనములు లేవగలిగినవి.

1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడెను. ఇరుకు వాడలను తొలగించి వీధులను వెడల్పు చేయుట, పేదలకును మధ్యతరగతివారికిని ఇండ్లు కట్టుట, అంగళ్లకు తీరైన వరుసలు ఏర్పరచుట దాని పనులు. చార్మినారుకు పోవు మార్గమున పత్తర్‌గట్టి యని పిలువబడు రాతి అంగళ్ల వరుస ఈ బోర్డు చేతి పనియే. ఒకే ఎత్తు, ఒకే రాయి, ఒకే తీరు కమానులు. కమానుల క్రింద నడచువానికి ఎండ తగులదు, వాన తడుపదు. ప్రతి అంగడివాడు తన ఇష్టము వచ్చినట్లు ముందుకు జరిపి కట్టుకొనియున్నచో ఆ నీడ ఉండెడిది కాదు. వీధికి ముఖము పదిమంది సొత్తు. అంగడి లోపలిభాగము యజమాని సొత్తు. ఈ రెంటి నడుమ గీత గీయుటయే పట్టణ నియమముల సారాంశము. 1935లో పూర్తియైన మొజంజాహి మార్కెట్టు కూడ ఇట్టిదే. అచట పండ్లు కొనువారిలో ఎందరు తల యెత్తి ఆ గడియార స్తంభమును చూతురో గాని, రాతి వరండాల చల్లదనమును అనుభవింపని వారుండరు.

భవనముల విషయమున నిజాము ప్రభుత్వము చేసిన మంచి పని మరియొకటి కలదు. 1914లో విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయ వాస్తుశిల్పిని రప్పించి ఒక్క భవనము కాక, వరుసగ పలు భవనములను అప్పగించినది. కాచిగూడ రైల్వే స్టేషను, హైకోర్టు, సిటీ హైస్కూలు, ఉస్మానియా ఆస్పత్రి ఆయన పాలుగొన్న పనులు. హైకోర్టు రూపకల్పనలో జయపురమునకు చెందిన శంకర్‌లాల్, నిర్మాణమున స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ పాలుగొనిరి. నదికి ఒక ఒడ్డున న్యాయస్థానము, ఎదుటి ఒడ్డున ఆస్పత్రి ఒకదానినొకటి చూచుచు నిలిచినవి. ఒకే మనస్సు రెండు ఒడ్డులను కలిపి ఆలోచించుట వలననే ఇది సాధ్యమైనది. ఏ భవనమునకు ఆ భవనముగ వేరువేరు శాఖలు, వేరువేరు సంవత్సరములలో, వేరువేరు టెండర్లు పిలిచియున్నచో అట్టి ఎదురెదురు కూర్పు కుదిరెడిది కాదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు భవనములు తలపెట్టినపుడు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అను ఇద్దరిని విదేశములలోని విశ్వవిద్యాలయములను చూచి రమ్మని పంపిరి. పిదప బెల్జియము దేశీయుడైన ఎర్నెస్ట్ జాస్పర్‌ను వాస్తుశిల్పిగ నియమించిరి. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కళాశాల 1939లో ప్రారంభమైనది. కట్టుటకు ముందు చూచి వచ్చుటకు వెచ్చించిన కాలము వృథా కాలేదని ఆ భవనము ముందు నిలుచున్న వారికి తెలియును. రాజు తలచిన పని వేగముగ సాగునని కొందరందురు. నిజమే, నేటి ప్రభుత్వమునకు అంత వెసులుబాటు లేదు, ఉండరాదు కూడ. ఐనను నిపుణుని ఏరుట, అతనికి వ్యవధి నిచ్చుట, దగ్గర దొరకు నల్లరాతిని వాడుట ప్రజాప్రభుత్వమునకు నిషిద్ధములు కావు గదా.

ఇదే ఉస్మానియా ఆస్పత్రి మరియొక సంగతి కూడ చెప్పుచున్నది. 2020 జూలైలో కురిసిన వానలకు వార్డులలోనికి నీరు చేరగా ఆ పాత భవనమును ఖాళీ చేయవలసివచ్చినది. ఎంత చక్కగ గీసి, ఎంత గట్టిగ కట్టినను మరమ్మతునకు ఏటేట డబ్బు కేటాయింపనిచో భవనము నిలువదు. బడ్జెట్లలో కొత్త కట్టడములకు దొరకు ఆదరము పాత కట్టడముల మరమ్మతునకు దొరకదు. ప్రారంభోత్సవమునకు రిబ్బను కత్తిరింతురు; గోడపై మొలచిన రావిమొక్కను పెరికివేసినందులకు సభ జరుపరు.

ఖర్చు తగ్గించిన వాస్తుశిల్పి

నిజాము ఖజానా పెద్దది. డబ్బు కొరత గల ప్రభుత్వమేమి చేయవలెను? ఈ ప్రశ్నకు కేరళమున లారీ బేకర్ జవాబు చెప్పిరి. ఇంగ్లండున జన్మించి 1945లో కుష్ఠురోగుల సేవాసంస్థ తరపున మన దేశమునకు వచ్చిన ఈ వాస్తుశిల్పి తిరువనంతపురమున స్థిరపడి 2007లో మరణించు వరకు ఇండ్లు, బడులు, ప్రార్థనాలయములు కట్టుచునే యుండిరి. ఆర్థిక శాస్త్రవేత్త కె.ఎన్. రాజ్ స్థాపించిన అభివృద్ధి అధ్యయన కేంద్రమునకు భవనములు కట్టు పని ఆయనకు అప్పగించిరి. ఖర్చు తగ్గినను సౌకర్యము తగ్గనక్కరలేదని ఆ ఆవరణ లోకమునకు చూపినది.

ఆయన పద్ధతులు మన మేస్త్రులు తెలిసికొనదగినవి. ఇటుకలను పండబెట్టుటకు మారుగ అంచుపై నిలిపి, రెండు వరుసల నడుమ ఖాళీ విడిచి గోడ కట్టుదురు. దీనికి ఎలుకబోను కట్టుబడి యని పేరు. ఇటుకలు ఇంచుమించు నాలుగవ వంతు ఆదా యగును. నడుమ నున్న గాలి ఎండవేడిని లోనికి రానీయదు. కాంక్రీటు కప్పు విషయము ఇంతకంటె ఆసక్తికరము. కప్పు వంగకుండ క్రిందిభాగమున లాగిపట్టియుంచునది ఇనుము. అచటి కాంక్రీటు బరువే గాని బలము తక్కువ. ఇనుప కడ్డీల నడుమ ఆ చోట పాత మంగుళూరు పెంకులను పరచి పైన కాంక్రీటు పోసినచో సిమెంటు తగ్గును, కప్పు బరువు తగ్గును, గది చల్లబడును. చెప్పినంత తేలిక పని కాదు. కడ్డీల కూర్పు ఇంజనీరు లెక్కించి చూపవలెను.

ఒక్క మంచి భవనముతో ప్రభుత్వ పని తీరదు. ఆ పద్ధతి వందమంది మేస్త్రుల చేతులలోనికి పోవలెను. పూర్వ ముఖ్యమంత్రి సి. అచ్యుతమేనన్ చేయూతతో 1985లో కాస్ట్‌ఫోర్డ్ అను సంస్థ ఏర్పడినది. అదే దశకమున కొల్లము జిల్లాలో నిర్మితి కేంద్రము వెలసినది. అచట మేస్త్రులకు శిక్షణ నిచ్చుట, తక్కువ ఖర్చు కిటికీ చట్రములు, దిమ్మలు తయారుచేయుట, ప్రభుత్వ పనులు చేపట్టుట ఒకే చోట జరిగెను. స్త్రీలు కూడ తాపీపని నేర్చిరి. పిదప కేంద్ర ప్రభుత్వము ఇట్టి కేంద్రములను దేశమంతట నెలకొల్పుటకు పూనుకొన్నది. తెలుగునాట కూడ నిర్మితి కేంద్రములు ఏర్పడినవి. కొన్ని బాగుగ నడచినవి, కొన్ని పని దొరకక మూతబడినవి. ప్రభుత్వము శిక్షణ నిచ్చి ఊరుకొనినచో చాలదు; తన పనులలో ఆ పద్ధతులకు ధరల పట్టికలో చోటు కల్పింపవలెను. పట్టికలో లేని పనికి ఏ ఇంజనీరును బిల్లు వ్రాయలేడు!

నిపుణుని ఎట్లు ఎన్నుకొనవలెను? రోడ్డుకు కంకర కొనునపుడు తక్కువ ధర చెప్పినవానికి పని యిచ్చుట న్యాయమే. కంకర కొలత ముందే నిర్ణీతము. కాని ఆలోచనను ఆ రీతిగ కొనుట కుదరదు. తక్కువ రుసుము చెప్పిన వాస్తుశిల్పి స్థలమును ఒక్కసారి చూచి పాత ప్లానునే మరల పంపును; పదునైదు లక్షలు ఆదా యనుకొన్న చోట భవనము నిలుచునంత కాలము నష్టము. 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమావళి సలహా సేవల విషయమున గుణమునకు, ధరకు కలిపి మార్కులు వేయు పద్ధతిని అనుమతించుచున్నది. పెద్ద భవనములకు పోటీ పెట్టుట మరియొక మార్గము. అమరావతి శాసనసభ, హైకోర్టు భవనముల కొరకు మూడు సంస్థల నడుమ పోటీ జరిపి 2016లో జపాను దేశపు ఫుమిహికో మాకి సంస్థను ఎన్నుకొనిరి; పిదప 2017లో ఆ పనిని నార్మన్ ఫాస్టర్ సంస్థకు ఇచ్చిరి. పోటీ పెట్టినపుడు నియమములను ముందే తేటతెల్లము చేసి, నిర్ణయమును నిలుపుకొన్నచోటనే ఉత్తమ శిల్పులు మరల మరల వత్తురని అన్ని దేశముల అనుభవము.

పల్లెల దృష్టితో చూచినచో ఫ్రాన్సు దేశపు ఏర్పాటు మనకు ఎక్కువ పనికివచ్చునది. 1977 జనవరి 3వ తేదీ నాటి చట్టము వాస్తుశిల్పము సంస్కృతిలో భాగమని, కట్టడముల నాణ్యత ప్రజాప్రయోజనమని ప్రకటించినది. అంతటితో ఆగక, మన జిల్లాల వంటి విభాగములలో సలహా మండలులకు వీలు కల్పించినది. ఇల్లు కట్టుకొను రైతు గాని, బడి కట్టదలచిన చిన్న ఊరి మేయరు గాని అచటికి పోయి ఉచితముగ సలహా పొందవచ్చును. ఆ దేశమున 30,000కు పైగా గ్రామ పురపాలికలున్నవి. వానిలో పెక్కింటికి సొంత ఇంజనీరును పెట్టుకొను స్తోమత లేదు. మన స్థితియు అంతే గదా. విజయవాడలో 2008లో ఏర్పడిన ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాసంస్థ, అదే సంవత్సరము హైదరాబాదున ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయము వంటివి మనకున్నవి. అచటి విద్యార్థులు, ఉపాధ్యాయులు ఏటా కొన్ని మండలములను చేపట్టి పంచాయతీలకు సలహా చెప్పునట్లు ఏర్పాటు చేయుటకు గొప్ప వ్యయము కాదు.

గ్రామసభలో ప్లాను

ఇక మన ఊరి సంగతి. బడికో, ఉపకేంద్రమునకో నిధులు మంజూరైనవని తెలిసిన దినమున గ్రామస్థులు చేయదగిన మొదటి పని స్థలమును గూర్చి మాటలాడుట. ఉచితముగ దొరకునన్న కారణమున చెరువు శిఖములోనో, ఊరికి దూరమైన మిట్టపైననో కట్టిన భవనములను మనము చాల చూచితిమి. శిఖములో కట్టినది నీట మునుగును. మిట్టపైన కట్టిన ఆస్పత్రికి నొప్పులు పడుచున్న స్త్రీ నడచి పోలేదు.

స్థలము కుదిరిన పిమ్మట దిక్కు. పొడవైన గోడలు ఉత్తర దక్షిణములకును, పొట్టిగోడలు తూర్పు పడమరలకును ఉండునట్లు త్రిప్పినచో ఉదయపు ఎండ, సాయంకాలపు ఎండ గదులలోనికి తిన్నగ రావు. దక్షిణపు ఎండను వరండాయో, లోతైన సజ్జయో ఆపును. మన పాత ఇండ్ల వసారాలు చేసిన పని ఇదే. కప్పుపై తెల్లని సున్నము గాని, వేడిని తిప్పికొట్టు పూత గాని వేయుట మరియొక ఉపాయము. తెలంగాణ ప్రభుత్వము 2023లో ఐదేండ్లకు ప్రకటించిన చల్లని కప్పుల విధానము ప్రభుత్వ భవనములకు దీనిని తప్పనిసరి చేసినది. పైసా ఖర్చు లేని దిక్కు మార్పు మాత్రము ఏ విధానమునకై వేచియుండనక్కరలేదు. ముగ్గు పోయు దినమున మేస్త్రిప్రక్కన ఒకరు నిలుచున్న చాలును.

బడి గదిలో పిల్లలు నేలపై కూర్చుందురు. కిటికీ అడుగు నాలుగడుగుల ఎత్తున నున్నచో గాలి వారి తలలపైనుండి పోవును. వ్రాయు చేతి నీడ పలకపై పడకుండ ఎడమ వైపునుండి వెలుతురు రావలెను. భవనమునే పాఠ్యపుస్తకముగ చేయు పద్ధతి యొకటి మన దేశమున రూపొంది పలు రాష్ట్రములలో వ్యాపించినది. తలుపు తెరచుకొను చోట నేలపై కోణమానిని గీతలు గీయుదురు. తలుపు కదలినకొలది కోణమెంతో బిడ్డకు తెలియును. కిటికీ ఊచలను అక్షరముల వంపులతో చేయింతురు. ఖర్చు అత్యల్పము.

2009 నాటి విద్యాహక్కు చట్టము బాలురకు, బాలికలకు వేరు మరుగుదొడ్లు, త్రాగునీరు, వంటగది, అడ్డంకి లేని ప్రవేశము ఉండవలెనని శాసించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అన్ని ప్రజా భవనములకును ప్రవేశ సౌకర్యమును హక్కుగ చేసినది. అయినను మెట్ల ప్రక్కన జారుడుబల్ల వలె నిలువుగ కట్టిన ర్యాంపులు ఎన్నియో కలవు. అవి చట్టమునకు చూపుటకే గాని చక్రములబండికి పనికిరావు. లెక్క సులభము: ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు. భవనపు అరుగు అడుగున్నర ఎత్తున్నచో ర్యాంపు 18 అడుగులుండవలెను. ఒక టేపు తీసికొని ఎవరైనను కొలువవచ్చును.

ఈ ప్రశ్నలన్నియు గ్రామసభలో అడుగదగినవి. ప్లానును, అంచనాను పంచాయతీ కార్యాలయపు గోడపై అతికింపుమని కోరుటకు సంకోచింపనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము నకలు పొందవచ్చును. ప్లాను గీతలు అందరికి అర్థము కావని కొందరు అధికారులందురు. సున్నముతో నేలపై నిజమైన కొలతలకు గీసి చూపినచో చదువురాని అవ్వకు కూడ అర్థమగును. ఆమె ఆ గీతలలో నడచి, మంచమెచట వేయుదురు, నీళ్ల తొట్టి యెచట అని అడుగును. ఇంజనీరు ఆ జవాబు చెప్పలేకపోయినచో గీత మార్చుట ఆనాడు ఒక నిమిషము పని.

భవనము చేతికి వచ్చిన పిమ్మట పంచాయతీ ఒక చిన్న పుస్తకము తెరచి మరమ్మతులు వ్రాసికొనుచుండవలెను. కప్పుపై నీరు దిగు గొట్టముల మూతులు ఆకులతో మూసుకొనిపోయినచో నీరు నిలిచి, తొలి ఏటనే చెమ్మ దిగును. మే నెల చివర, తొలకరికి ముందు, నిచ్చెన వేసి ఆ గొట్టములను చూచుటకు ఒక మనిషి పేరును ఆ పుస్తకపు మొదటి పుటలోనే వ్రాసియుంచవలెను.